వర్డ్‌ప్రెస్‌లో నర్సరీ సైటు: మేం పెట్టింది 170 పేజీలు, గూగుల్ వద్దంటున్నవి 611. ఇవెక్కడివి?

నర్సరీ తమ్ముడు:

అందరికీ నమస్కారం. మాది కడియపులంక, హైవే పక్కనే అన్నయ్యకి నర్సరీ ఉంది. నేను రాజమండ్రిలో వేరే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు సైటు పని చూస్తుంటాను, కోడింగ్ రాదు, యూట్యూబ్ చూసి నేర్చుకున్నదే. 2022 దీపావళికి వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ (అమ్మకాల కోసం తగిలించుకునే ప్లగిన్) వేసి మొదలుపెట్టాం. ఇప్పుడు 140 మొక్కలు, ఓ 20 వ్యాసాలు, మా గురించి, కాంటాక్ట్ లాంటివి పది పేజీలు ఉన్నాయి. అన్నీ తెలుగులోనే.

బాధేంటంటే నర్సరీ పేరు కొడితే సైటు వస్తుంది, మొక్క పేరు కొడితే మాత్రం ఎక్కడా కనపడదు. కాగడా మల్లె మొక్క అని కొట్టి ఐదు పేజీలు కిందికి వెళ్లి చూశా, లేదు. నిన్న సెర్చ్ కన్సోల్ (గూగుల్ మన సైటుని ఎలా చూస్తోందో చూపించేది) తెరిస్తే ఇండెక్స్ అయినవి, అంటే గూగుల్ తన జాబితాలోకి తీసుకున్నవి 38, కానివి 611 అని చూపిస్తోంది, అందులో ఎక్కువ భాగం "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్" కింద ఉన్నాయి. నాకు అర్థం కానిది ఒక్కటే, మేం పెట్టిందే మహా అయితే 170, ఈ 611 ఎక్కడి నుంచి పుట్టుకొచ్చాయి? హ్యాక్ అయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

గూగుల్‌లో పైకి రావడానికి చేసే పనిని ఎస్‌ఈఓ అంటారుగా, దానికి యోస్ట్, ర్యాంక్ మ్యాథ్ అనే ప్లగిన్లు రెండూ వేశాను. అన్ని పేజీలకీ ప్లగిన్‌లో పచ్చ లైటు వచ్చేదాకా కూర్చుని సరిచేశా. ఎస్‌ఈఓ చేసిపెడతానని ఒకాయన 12 వేలు తీసుకుని, వేరే సైట్ల నుంచి మా సైటుకి పెట్టించిన 400 లింకులున్న ఎక్సెల్ షీటు ఒకటి ఇచ్చి, ప్రతి మొక్క కింద ఓ పేరా నిండా కీవర్డ్స్ పెట్టించాడు. ఆర్నెల్లైంది, మార్పు లేదు. ఇప్పుడు అన్నయ్య సైటు ఎత్తేసి ఆ డబ్బుతో హైవే మీద ఇంకో బోర్డు పెడదాం అంటున్నాడు.


రాత్రి షిఫ్ట్:

బ్రో ముందు సెట్టింగ్స్‌లో రీడింగ్‌కి వెళ్లి, సెర్చ్ ఇంజన్లు ఇటు రావద్దు అని చెప్పే టిక్ బాక్సు ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉందేమో చూడు. సైటు కడుతున్నప్పుడు పెట్టి మర్చిపోయినవాళ్లని కనీసం పదిమందిని చూశా. రెండోది, పర్మాలింక్స్ (పేజీల అడ్రసులు ఎలా ఉండాలనేది) ఏం పెట్టావు? అడ్రసు చివర ప్రశ్నార్థకం, పి, ఓ నంబరు అలా వస్తోందా, పేరు వస్తోందా?


నర్సరీ తమ్ముడు:

టిక్ లేదన్నా, చూశాను. పర్మాలింక్స్ పోస్ట్ నేమ్ పెట్టా, పేరే వస్తుంది. కానీ బ్రౌజర్‌లో బాగానే కనిపించే లింకు వాట్సాప్‌లో పెడితే పర్సెంట్ ఈ సున్నా పర్సెంట్ బీ సున్నా అంటూ చాంతాడంత వస్తోంది, కస్టమర్లు వైరస్ లింకేమో అని తెరవట్లేదు. దాని గురించి కూడా ఎవరైనా చెబితే బాగుండు.


పాత బ్లాగరు:

హ్యాక్ కాదు తమ్ముడూ, కంగారు పడకు. ఆ 611 నీ సైటే పుట్టించింది. నువ్వొక పేజీ రాస్తే వర్డ్‌ప్రెస్ దాని చుట్టూ నాలుగైదు పేజీలు తనే కట్టుకుంటుంది, ఆ సంగతి నీకు చెప్పదు.

ముందు ట్యాగుల (పేజీకి తగిలించే గుర్తింపు మాటల) సంగతి చూద్దాం. నీ మందారం పేజీ తీసి చూశా, ఎర్ర మందారం, మందార పువ్వు, పూల మొక్కలు, పూజ పువ్వులు, ఇంటి ముందు మొక్కలు, ఇంకేవో రెండు, మొత్తం ఏడు ట్యాగులున్నాయి. ఒక్కో ట్యాగుకీ ఒక్కో పేజీ తయారవుతుంది. "పూజ పువ్వులు" నొక్కితే అందులో ఉన్నది ఒకే ఒక్క మొక్క, అదే మందారం. అంటే ఏ కొత్త సంగతీ లేని పేజీ. ఇలాంటివి 140 మొక్కలకీ లెక్కేసుకో, కొన్ని ట్యాగులు కలిసినా రెండొందలు దాటుతాయి.

తర్వాత ఫోటోలు. నువ్వు ఎక్కించిన ప్రతి బొమ్మకీ వర్డ్‌ప్రెస్ ఒక అటాచ్‌మెంట్ పేజీ చేస్తుంది, ఆ పేజీలో బొమ్మ తప్ప ముక్క రాత ఉండదు. 2023 నవంబరులో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి కొత్త సైట్లకి ఇది ఆపేశారు గానీ, నీది అంతకు ముందు పెట్టింది కాబట్టి అవి అలాగే నడుస్తుంటాయి. ఆపైన రచయిత పేజీ (రాసేది నువ్వొక్కడివే కాబట్టి అది నీ వ్యాసాల జాబితాకి జిరాక్సు కాపీ), నెలవారీ పేజీలు, వూకామర్స్ ధర తక్కువ నుంచి ఎక్కువ అని వరసలు మార్చినప్పుడల్లా పుట్టే అడ్రసులు. గూగుల్ వచ్చి ఇవన్నీ తిరిగి చూసి, దాచుకునేంత సరుకు లేదని వదిలేసింది. క్రాల్డ్ అంటే చూసింది అని, నాట్ ఇండెక్స్డ్ అంటే తీసుకోలేదు అని. అంతే, శిక్షేం కాదు. వీటిలో చాలా వాటికి ఆ జాబితాలో ఉండటమే న్యాయం.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా. రెండు ఎస్‌ఈఓ ప్లగిన్లలో ఒకటి తీసెయ్, ఏది ఉంచినా ఫర్వాలేదు. రెండూ ఉంటే పేజీ సోర్సులో (లోపలి కోడులో) డిస్క్రిప్షన్ రెండుసార్లు, కెనానికల్ (ఈ పేజీ అసలు అడ్రసు ఇదీ అని చెప్పే లైను) రెండుసార్లు పడుతుంది, ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా చెబుతాయి. ఉంచుకున్న దాంట్లో ట్యాగు పేజీలకీ, రచయిత, తేదీ పేజీలకీ నోఇండెక్స్ (జాబితాలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) పెట్టు, అటాచ్‌మెంట్ పేజీలని అసలు బొమ్మకే రీడైరెక్ట్ చేయించు, అంటే మళ్లించు. కేటగిరీలు మాత్రం ఉంచుకో, పండ్ల మొక్కలు, పూల మొక్కలు, పామ్ రకాలు, అవి మనిషి నిజంగా వాడే దారులు. ఒక్కో కేటగిరీ పైన నాలుగు వాక్యాలు సొంతంగా రాయి.

పచ్చ లైటు సంగతి మర్చిపో. అది ప్లగిన్ అభిప్రాయం, గూగుల్‌ది కాదు. నువ్వు లైటు కోసం ప్రతి వాక్యంలో "మందారం మొక్క" అని ఇరికించిన పేరా చదివితే నాకే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. ఆ కింద కీవర్డ్స్ పేరా అయితే ఈ రాత్రే తీసేయాల్సింది, అలా పేర్లు గుప్పించడం గూగుల్ తప్పుల జాబితాలోనే ఉంది. ఇంకో రకం కీవర్డ్స్ కూడా పెట్టించాడు, సోర్సులో కనిపించే మెటా కీవర్డ్స్, వాటిని ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. పన్నెండు వేలు పోయాయి, వదిలెయ్. ఆ 400 లింకుల జోలికి కూడా వెళ్లకు, సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) అని ఏమైనా వస్తే అప్పుడు చూద్దాం.


నర్సరీ తమ్ముడు:

అయ్యో, నవ్వండి సార్, ఇప్పుడు చదివితే నాకూ అలాగే ఉంది. ఒక డౌటు. ట్యాగు పేజీలు గూగుల్ చూడకుండా రోబోట్స్ ఫైల్లో (సెర్చ్ ఇంజన్లు ఎక్కడికి రావచ్చో చెప్పే ఫైలు) నెల క్రితమే డిస్‌అలౌ, అంటే ఇటు రావద్దు అని రాశాను. దాంతో పాటు నోఇండెక్స్ కూడా పెడితే ఇంకా గట్టిగా ఆగుతుందా?


రాత్రి షిఫ్ట్:

వద్దు బ్రో, అది తీసెయ్. గుమ్మానికి తాళం వేసి, లోపల గోడ మీద "దయచేసి వెళ్లిపోండి" అని కాగితం అంటించినట్టు ఉంటుంది. డిస్‌అలౌ ఉంటే గూగుల్ ఆ పేజీ తెరవదు, తెరవకపోతే నోఇండెక్స్ అని ఎలా చదువుతుంది? ఇంకెక్కడి నుంచైనా ఆ పేజీకి లింకుంటే లోపలేముందో చూడకుండానే ఉత్త అడ్రసుని ఫలితాల్లో పెట్టేసే వీలు కూడా ఉంది. ముందు దారి తెరిచి ఉంచు, నోఇండెక్స్ చదువుకుని పోనీ.

వాట్సాప్ లింకు గురించి అడిగావుగా, అది కూడా చెబుతా. అడ్రసులో తెలుగు అక్షరం నేరుగా వెళ్లదు, మూడు బైట్లుగా విడిపోయి ఒక్కోదానికీ పర్సెంట్ గుర్తు తగిలి, మొత్తం తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది. అక్షరం అంటే మనం బడిలో నేర్చుకున్న అక్షరం కాదు, గుడి, కొమ్ము, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కే. "మామిడి" మనకి మూడు అక్షరాలు, కంప్యూటర్‌కి ఆరు, అడ్రసులో 54. వర్డ్‌ప్రెస్ ఆ పేరుకి ఇచ్చే జాగా మొత్తం 200. అంటే తెలుగులో 22 ముక్కలు దాటితే అక్కడికక్కడే కోసేస్తుంది.

నీ సైట్లోనే చూడు. "బంగినపల్లి మామిడి అంటు మొక్క ధర" అని మొక్క పేజీకి శీర్షిక పెట్టావు, అడ్రసు "బంగినపల్లి-మామిడి-అంటు-మ" దగ్గర ఆగిపోయింది. "బంగినపల్లి మామిడి అంటు మొక్కలు నాటే విధానం" అని ఒక వ్యాసం ఉందిగా, అది కూడా సరిగ్గా ఆ "మ" దగ్గరే తెగింది. అదే ఇంకోసారి "బంగినపల్లి మామిడి అంటు మొక్క" అని మొదలయ్యే వ్యాసం రాసి ఉంటే చివర 2 తగిలించి వదులుతుంది. కస్టమర్‌కి ఏది ధర పేజీనో ఏది నాటే విధానమో లింకు చూసి తెలిసే దారే లేదు. అందుకే నేనైతే పోస్టు పబ్లిష్ చేసే ముందు అడ్రసు మాత్రం చేత్తో ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా రాస్తా, బంగినపల్లి, మామిడి, ధర, మూడే మాటలు. శీర్షిక తెలుగులోనే ఉంటుంది.


పాత బ్లాగరు:

ఇక్కడ మాత్రం నేను సగమే ఒప్పుకుంటాను. తెలుగు అడ్రసుల్ని గూగుల్ శుభ్రంగా చదువుతుంది, ఫలితాల్లో తెలుగులోనే చూపిస్తుంది, నా పాత బ్లాగు పోస్టులు ఏళ్ల తరబడి అలాగే వస్తున్నాయి. కాబట్టి ఇది వెతుకులాట సమస్య కాదు, వాట్సాప్ సమస్య. కొత్తవాటికి పొట్టిగా ఇంగ్లీషులో పెట్టుకో, మంచిదే. కానీ ఇప్పటికే ఉన్న 140 అడ్రసులూ ఒకే రాత్రి మార్చకు, ముఖ్యంగా ఇండెక్స్ అయిన ఆ 38 జోలికి పోకు. పబ్లిష్ అయిన పోస్టు అడ్రసు మారిస్తే పాతది గుర్తుపెట్టుకుని కొత్తదానికి మళ్లించే పని వర్డ్‌ప్రెస్ తనే చేస్తుంది గానీ, పాత పేజీ డిలీట్ చేసి కొత్తది పెడితే మాత్రం ఆ మళ్లింపు ఉండదు.


రాత్రి షిఫ్ట్:

సరే సార్, అక్కడ మీరన్నదే కరెక్టు, పాతవి కదపకపోవడమే మేలు. నేను ముందే మార్చెయ్ అనబోయి ఆగా.


డాలస్ పెరటి తోట:

నేను టెక్నికల్ మనిషిని కాదు, కొనేవాళ్ల తరఫున మాట్లాడుతున్నా. పోయిన జూన్‌లో తణుకులో అమ్మ ఇంటి పెరట్లో మొక్కలు పెట్టిద్దామని ఇక్కడి నుంచి వారం రోజులు వెతికాను. మీ సైటు నాకు ఎక్కడా తగల్లేదు, ఇప్పుడు ఈ చర్చ చూశాకే తెరిచా. తెరిచాక కూడా నిజం చెప్పాలంటే రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశా.

మందారం పేజీలో ఉన్నది ఇది: "మందారం అందమైన పుష్పాలనిచ్చే మొక్క. దీనికి ఆయుర్వేదంలో ఎంతో ప్రాముఖ్యత ఉంది." ఇది నలభై సైట్లలో ఉంది తమ్ముడూ. కాగడా మల్లెకి కూడా అదే వాక్యం, పేరు మార్చారంతే. నాకు కావాల్సింది ఆయుర్వేదం కాదు. మొక్క ఎంత ఎత్తుంది, కవరులో ఇస్తారా కుండీలోనా, ఎన్నాళ్లకి పూస్తుంది, మధ్యాహ్నం ఎండ తగిలే చోట బతుకుతుందా, తణుకు దాకా పంపుతారా, పంపితే ఎంత. ధర ఉండాల్సిన చోట "ధరకు ఫోన్ చేయండి" అని ఉంది. మీకు పగలైనప్పుడు మాకు రాత్రి, ఎప్పుడని చేయను?

ఇంకోటి, నేను గూగుల్‌లో తెలుగు లిపిలో టైప్ చేయను, మా చుట్టాల్లో ఎవరూ చేయరు. మల్లె మొక్క అని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాం, అదీ ఒక్కొక్కరం ఒక్కో స్పెల్లింగ్‌తో. అమ్మ అయితే ఫోన్‌లో మైకు నొక్కి మాట్లాడుతుంది, అలా మాట్లాడితే అది తెలుగులో పడుతుంది. పేర్లు కూడా అందరివీ ఒకటి కాదు. మా నాన్న బొప్పాసి అనేవారు, మా అత్తగారు బొప్పాయి అంటారు. నూరువరహాలు అంటే మా పిల్లలకి తెలియదు, ఇక్సోరా అంటే తెలుసు. మీ పేజీలో ఒక్క పేరే ఉంటే మిగతావాళ్లకి మీరు లేనట్టే కదా.


పాత బ్లాగరు:

మేడం, నేను పేజీల లెక్కల్లో పడి చెప్పడం మర్చిపోయిన అసలు సంగతి మీరు చెప్పారు. తమ్ముడూ, 611లో ట్యాగులూ ఫోటోలూ పోగా నీ సొంత మొక్కల పేజీలే ఓ వంద పైన తేలతాయి. అవి నోఇండెక్స్ వల్లా కాదు, అడ్రసు వల్లా కాదు, ఇదిగో ఈ "అందమైన పుష్పాలనిచ్చే మొక్క" వల్ల ఆగాయి. ఏ ప్లగినూ దీన్ని సరిచేయదు.

పేర్ల గురించి నా సలహా, మొదటి పేరాలో మామూలు వాక్యంగా రాసెయ్, "బొప్పాయి, కొందరు బొప్పాసి అంటారు" అని, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఒకసారి, శాస్త్రీయ నామం ఒకసారి. ఒక్కసారి చాలు. మళ్లీ కింద పేరాగా గుప్పించకు.

మీ అన్నయ్య ఫోన్లో కస్టమర్లతో మాట్లాడేటప్పుడు పక్కన కూర్చుని రికార్డు చెయ్. ఆయన చెప్పేదే నీ కంటెంట్. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించిన కూడలి సైటు రోజుల్లో మేం రాసినవి సెర్చ్ గురించి తెలిసి రాసినవి కావు, మాకు తెలిసింది రాశాం, దానికే ఇప్పటికీ జనం వస్తున్నారు.

అన్నట్టు ఆ ధరల జాబితా పేజీ ఒకటుంది, అది బొమ్మ. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి స్కాన్ చేసినట్టున్నారు. అందులో ఉన్న రెండొందల పేర్లలో ఒక్కటి కూడా పేజీలో అక్షరంగా లేదు. షాపు నుంచి ఆ ఫైలు తెచ్చి నేరుగా కాపీ చేసినా పిచ్చి గుర్తులే పడతాయి, ఆ ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లూ బ్రౌజర్లూ చదివే తెలుగు) కాదు కాబట్టి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు మాత్రం ఒకసారి కళ్లతో చూసుకో.


రాత్రి షిఫ్ట్:

స్పీడు గురించి ఒక్క ముక్క చెప్పి పోతా. హోమ్ పేజీలో ఆ ఆరు ఫోటోల స్లైడర్ తీసెయ్, ఒక్కో ఫోటో 4 ఎంబీ ఉంది, ఫోన్లో తీసింది తీసినట్టు ఎక్కించావు. పేజీలో పెద్ద బొమ్మ కనిపించడానికి రెండున్నర సెకన్లు దాటకూడదు అంటుంది గూగుల్, నా ఫోన్లో నీది తొమ్మిది పట్టింది. ఒకే ఫోటో, వెబ్‌పీ (తక్కువ సైజులో వచ్చే బొమ్మ రకం), వెడల్పు 1200 పిక్సెల్స్ చాలు. పేర్లు కూడా ఐఎంజీ, తేదీ, నంబరు అని కాకుండా మొక్క పేరు పెట్టి ఎక్కించు, ఆల్ట్ టెక్స్ట్‌లో బొమ్మలో ఏముందో ఒక వాక్యం. నర్సరీ కదా, ఇమేజ్ సెర్చ్ నుంచే సగం జనం రావొచ్చు.

సైట్‌మ్యాప్ (గూగుల్‌కి ఇచ్చే పేజీల జాబితా) ఏది ఇచ్చావు సెర్చ్ కన్సోల్‌లో? 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి సొంతది ఉంది, ప్లగిన్ వేస్తే ప్లగిన్‌ది వస్తుంది. ఒక్కటే ఉంచు, నోఇండెక్స్ పెట్టిన ట్యాగులు అందులో లేకుండా చూసుకో.


నర్సరీ తమ్ముడు:

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవి చేసి మూడు వారాల తర్వాత వస్తున్నా, అందుకే లేటు.

ర్యాంక్ మ్యాథ్ తీసేశా. ట్యాగులకి నోఇండెక్స్, ఫోటో పేజీలు రీడైరెక్ట్, రోబోట్స్ ఫైల్లో ఆ లైను తీసేయడం, స్లైడర్ పీకేయడం అయ్యాయి. కీవర్డ్స్ పేరాలు 140 పేజీల్లోంచి చేత్తో తీయడానికి రెండు రాత్రులు పట్టింది. ఇండెక్స్ కానివి ఇంకా అలాగే చూపిస్తోంది, ఫర్వాలేదు.

ఆదివారం అన్నయ్య పక్కన కూర్చున్నా. భీమవరం నుంచి ఎవరో బంగినపల్లి అంటు అడిగారు. ఆయన చెప్పింది చెప్పినట్టు టైప్ చేసి, కాస్త సర్ది పేజీలో పెట్టా, చూడండి:

"టెంక పాతితే బంగినపల్లి రాదండి, అంటు కట్టాల్సిందే. మొక్క కొనేటప్పుడు కాండం కింద చూడండి, అంటు కట్టిన చోట చిన్న గంటు, కొంచెం వంకర ఉంటుంది. అది లేకుండా నున్నగా ఉంటే టెంక మొక్కే, ఎవరేం చెప్పినా కొనకండి. నాటేటప్పుడు ఆ గంటు మట్టిలోకి పోకూడదు, పైకే ఉండాలి. గంటు కింద నుంచి చిగురొస్తే గిల్లెయ్యండి, అది కింద వేరు కోసం పెట్టిన టెంక మొక్కది, పెరగనిస్తే మీ బంగినపల్లిని తినేస్తుంది. మొదటి రెండేళ్లు పూత వచ్చినా తుంచెయ్యాలి, ప్రాణం ఉసూరుమంటుంది గానీ తుంచాలి. కాపు మూడో ఏడో నాలుగో ఏడో చూద్దురు."

దీనికి ప్లగిన్ ఆరెంజ్ లైటు చూపించింది. వదిలేశా.


డాలస్ పెరటి తోట:

ఇది చదివి అమ్మకి ఫోన్ చేసి, మన ఇంటి మామిడి మొక్కకి గంటు ఉందో లేదో చూడమన్నా. లేదట. ధర ఎక్కడ?


నర్సరీ తమ్ముడు:

పెట్టేశా అక్కా, కింద ఉంది, రవాణా విడిగా. ఇంకో ప్రశ్న మిగిలింది, సీజన్ అయిపోయిన మొక్కల పేజీలు అన్నయ్య నన్ను డిలీట్ చేయమంటాడు, ప్రతి ఏడూ అలాగే చేసి మళ్లీ కొత్త పేజీ పెడుతున్నా. లేని సరుకు చూపిస్తే ఊరికే ఫోన్లు వస్తాయని ఆయన గోల.


పాత బ్లాగరు:

ఓరి నాయనా, కాగడా మల్లె ఎందుకు రావట్లేదో ఇప్పుడు తెలిసింది. ఏడాది పాటు గూగుల్ చూసి గుర్తుపెట్టుకున్న పేజీని నువ్వే చింపేసి, మళ్లీ మొదటి నుంచి పరిచయం చేసుకోమంటున్నావు. పేజీ ఉంచు, స్టాక్ లేదని పెట్టు, మళ్లీ ఎప్పుడు వస్తుందో రాయి. ఇక ఎప్పటికీ అమ్మని మొక్క అయితేనే తీసెయ్, అదీ దానికి దగ్గరి రకం పేజీకి మళ్లించి.


నర్సరీ తమ్ముడు:

పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేసి కాగడా మల్లె అయిపోయింది తీసెయ్ అన్నాడు. సరే అన్నాను గానీ తీయలేదు. "స్టాక్ లేదు, జూన్ రెండో వారంలో మళ్లీ వస్తాయి, కావాలంటే వాట్సాప్‌లో పేరు చెప్పి ఉంచండి" అని రాసి వదిలా. పొద్దున్నుంచి ముగ్గురు చెప్పారు. అన్నయ్యకి ఇంకా తెలియదు, ఎవరూ చెప్పకండి.